తాడు చివర మనిషి

సింగరేణి ప్రాంతంలో బొగ్గు గనిని 'బాయి' అంటారు. బాయికి పోయిండు, బాయి పని, బాయి దిగిండు. మా నల్లగొండలో బాయి అంటే నీళ్ళ బాయే. చిన్నప్పుడు కొత్తగూడెం నుంచి వచ్చిన చుట్టం ఒకాయన 'మా బాయిల మూడు షిఫ్టులు' అంటుంటే, బావిలో షిఫ్టులేమిటో అర్థంకాక పిల్లలమంతా నవ్వుకున్నాం. ఇప్పుడా నవ్వు రావడం లేదు. రెండు చోట్లా పని ఒక్కటే అనిపిస్తోంది. ఒకరు లోపలికి దిగాలి, ఒకరు పైన ఉండాలి, మధ్యలో ఒక తాడు. ఆ తాడు గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. రాయకుండా వాయిదా వేయడానికి నాకొక కారణం ఉంది. అదీ చెప్తాను.

రెండేళ్ళ కిందట మాంచెస్టర్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. ఒక సెలవురోజు 'మామయ్యా, మీకు పాత మిషన్లంటే ఇష్టం కదా' అంటూ అల్లుడు కారెక్కించుకుని ఆస్ట్లీ గ్రీన్ అనే చోటికి తీసుకెళ్ళాడు. బ్రిడ్జ్‌వాటర్ కాలువ పక్కన, చదునైన చిత్తడి నేలల మధ్య, పాత బొగ్గు గని. 1908లో బావి తవ్వడం మొదలుపెట్టారు. 1970లో గని మూతబడింది. మిగిలిన వాటిల్లో ముఖ్యమైనవి రెండు. ఒకటి, దాదాపు 30 మీటర్ల ఎత్తున్న ఉక్కు గోపురం, దాని నెత్తిన పెద్ద పెద్ద గిరకలు. రెండోది, కాస్త ఎడంగా ఒక ఎర్ర ఇటుకల ఇల్లు. తాడు చుట్టే ఇంజను ఉండే ఇల్లు. వైండింగ్ హౌస్ అంటారు. మనం 'తాడు చుట్టే ఇల్లు' అనుకోవచ్చు. దాన్నిప్పుడు మ్యూజియం చేశారు. జీతం లేకుండా పనిచేసే పెద్దవాళ్ళు కొందరు దాని తుప్పు గీకుతూ, నూనె రాస్తూ కాపాడుకుంటున్నారు.

లోపల అడుగుపెట్టగానే తలమీది టోపీ తీసేశాను. ఎవరూ తీయమనలేదు. ఎత్తైన గోడలు, పొడవాటి కిటికీలు, వాటిల్లోంచి ఏటవాలుగా వెలుతురు. పెద్ద చర్చిలోకో, పాత గడీ దర్బారులోకో వెళ్ళినట్టుంది. ఆ ఎత్తు గొప్ప కోసం పెట్టింది కాదు. అంత పెద్ద యంత్రపు భాగాలు పైకెత్తి విప్పుకోవాలంటే పైన అంత జాగా కావాలి. అయినా కట్టినవాళ్ళకి గర్వం లేదని చెప్పలేం. యంత్రాన్ని ఎండావానల నుంచి కాపాడటానికి ఒక రేకుల షెడ్డు కూడా సరిపోయేది. జర్మనీలో ఎస్సెన్ ఊళ్ళోని త్సోల్‌ఫరైన్ గనినైతే 1932లో ఇద్దరు వాస్తుశిల్పులు, షుప్, క్రెమ్మర్, గీత గీసినట్టు కట్టారు. యునెస్కో 2001లో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆస్ట్లీ గ్రీన్‌లో ఉన్నది ఆవిరి ఇంజను. 1912లో బ్లాక్‌బర్న్ పట్నంలోని యేట్స్ అండ్ థామ్ కంపెనీ చేసింది. 3,300 అశ్వశక్తి. మధ్యలో ఇంటెత్తు డ్రమ్ము. దానిమీంచి తాళ్ళు గోడలోని సందుల గుండా బయటికెళ్ళి, గోపురం మీది గిరకలెక్కి, నిలువునా బావిలోకి దిగేవి. ఒక పంజరం పైకొస్తుంటే ఇంకొకటి కిందికి పోతుంటుంది. ఒకదాని బరువు ఇంకొకదానికి ఆసరా. కానీ అడుగున ఉన్న పంజరం మీద వందల గజాల తాడు బరువు కూడా ఉంటుంది. అందుకని కొన్ని పెద్ద గనుల్లో డ్రమ్మునే శంకువులాగా చేసేవారు. మొదట సన్నటి వైపు చుట్టుకుంటూ, బరువు తగ్గేకొద్దీ లావు వైపుకి ఎక్కుతుంది తాడు.

ఇది విన్నప్పుడు మా తాత మోట గుర్తొచ్చింది. మోట కొట్టే దారిని బావి నుంచి అవతలికి పల్లంగా తవ్వుతారు. నీళ్ళు నిండిన బొక్కెనను లాగేటప్పుడు ఎద్దులు పల్లానికి నడుస్తాయి, వాటి ఒంటి బరువే సగం పని చేస్తుంది. ఖాళీ బొక్కెన దిగేటప్పుడు అవి వెనక్కి ఎగువకు నడుస్తాయి. ఏ ఇంజనీరూ గీసివ్వని లెక్క అది. బొక్కెనకూ తొండానికీ తోలు కుట్టి ఇచ్చింది మాదిగవాడ. ఆ తోలులోంచి పడిన నీళ్ళు పొలమంతా పారేవి. కుట్టిన మనిషి మాత్రం ఆ బావిలో చెయ్యి పెట్టి దాహం తీర్చుకోవడానికి లేదు. మోట మీద ఎన్నో పాటలు పుట్టాయి గానీ ఈ సంగతి పాడినవాళ్ళు తక్కువ.

ఆ ఇంట్లో నన్ను ఆపేసింది ఇంజను కాదు, దాన్ని నడిపే మనిషి కూర్చునే చోటు. ముందు డ్రమ్ము. పక్కన లోతు చూపించే ముల్లు. చేతి కింద మీటలు. అంతే. అక్కడినుంచి బావి కనబడదు. పంజరం కనబడదు. అందులో ఉన్న మనుషులు అసలే కనబడరు. ముల్లు ఎక్కడుందో, డ్రమ్ము మీద సుద్దముక్కతో గీసుకున్న గుర్తు ఎక్కడికొచ్చిందో చూసి బ్రేకు వెయ్యాలి. పంజరం ఎప్పుడు కదలాలో చెప్పేది గంట. బ్రిటన్ గనుల్లో ఆ గంటల భాష చాలా పాతది. రెండు కొడితే దించు. మూడు కొడితే మనుషులు ఎక్కుతున్నారు, జాగ్రత్త. ఒకటి కొడితే, ఆగి ఉన్న పంజరాన్ని లేపు. అదే ఒకటి, కదులుతున్నప్పుడు కొడితే, ఆపు. అడుగున ఒక మనిషి, బావి గట్టున ఒక మనిషి ఆ గంటలు కొట్టడానికే ఉండేవారు. ఇంజను నడుస్తున్నంతసేపూ డ్రైవరుతో ఎవరూ మాట కలపకూడదు.

'మరి బావి ఎక్కడ?' అని అడిగాను. మాకు అన్నీ చూపిస్తున్న పెద్దాయన బయటికి తీసుకెళ్ళి గోపురం అడుగున నేల చూపించాడు. నోరు మూసేశారు. వదిలేసిన గనుల బావుల్ని అలా మూయాల్సిందే, లేకపోతే ప్రమాదం. ఆయన చెప్పింది న్యాయమే. కానీ నేను కాసేపు అక్కడే నిలబడిపోయాను. లాగే చెయ్యి భద్రంగా ఉంది. తాడు రెండో చివర ఏముండేదో చూడటానికి ఏమీ లేదు.

ఇక నేను దాచుకున్న సంగతి.

1986 ఎండాకాలం. పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. దేవరకొండ వైపు మా ఊరు. మా నాయిన బడిపంతులు, కొంచెం వ్యవసాయం. ఆ ఏడు బావి అడుగంటింది. లోతు చేయించాలని వడ్డెరోళ్ళని పిలిపించాడు నాయిన. వాళ్ళు క్రేను తెచ్చారు. మా నల్లగొండ, పాలమూరు ఊళ్ళల్లో పుట్టి పెరిగినవాళ్ళకి అది చెప్పనక్కర్లేదు. బావి గట్టున నిలబెట్టిన ఒక ఇనుప స్తంభం, దానికి అటూ ఇటూ తిరిగే చెయ్యి, చెయ్యి చివర గిరక, ఉక్కు తాడు, తాడు చివర ఇనుప డబ్బా. ఇవతల చిన్న డ్రమ్ము, డీజిల్ ఇంజను, కాలితో తొక్కే బ్రేకు. కింద తూటాలు పేల్చి, సమ్మెటలతో రాయి పగలగొట్టి డబ్బాలో నింపితే, పైకి లాగి గట్టున కుమ్మరించేవాళ్ళు. ఆస్ట్లీ గ్రీన్‌లో చూసిందంతా ఇందులో ఉంది, ఇటుకల ఇల్లు తప్ప.

క్రేను నడిపే ఆయన కూర్చున్న చోటికి బావి అడుగు కనబడదు. గట్టున ఒకడు నిలబడి లోపలికి చూస్తూ 'గుంజు', 'ఆపు', 'ఇడువు' అని కేకేస్తుంటాడు. ఆ పిలగాడికి ఒకరోజు జరమొచ్చింది. నాకు ఇంట్లో ఊరికే కూర్చుని విసుగు. 'నేను నిలబడ్త' అన్నాను. సారు కొడుకు అడిగితే కాదనేదెవరు?

పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా బాగానే చేశాను. గర్వంగా కూడా ఉండింది. నేను ఒక్క మాట అంటే అంత ఇనుమూ కదులుతోంది. ఎండ నడినెత్తికొచ్చేవేళకి నా దోస్తు ఒకడు సైకిలు మీద పేపరు ఊపుకుంటూ వచ్చాడు. రిజల్ట్స్. నేను తల తిప్పి వాడివైపే చూస్తున్నాను. ఖాళీ డబ్బా బావి నోటి మీద వేలాడుతోంది. మాట కోసం చూస్తున్నాడు క్రేనాయన. నేను కిందికి చూడలేదు. పొద్దుటినుంచి వందసార్లు అన్న మాట, నోటికి అలవాటైన మాట, మళ్ళీ అన్నాను. 'ఇడువు.'

కింద ఒకాయన వంగి సమ్మెట తీసుకుంటున్నాడట. డబ్బా భుజం మీద పడింది. ఆ కేక ఇప్పటికీ వినబడుతుంది. పైకి తీసుకొచ్చేసరికి ఆయన కుడిచెయ్యి వేలాడుతోంది. బొమికె విరిగింది.

మా నాయిన ఉరికొచ్చి 'ఎట్లయింది?' అన్నాడు. నేను నోరు తెరవకముందే క్రేనాయన అన్నాడు: 'నాదే తప్పు సారూ. జల్ది ఇడిచిన. పోరడు ఆపమనే అన్నడు.'

నేను ఆపమనలేదు. ఆ సంగతి ఆయనకి తెలుసు, నాకు తెలుసు. నేనేం మాట్లాడలేదు. నాయిన కట్టు కట్టించడానికి డబ్బులిచ్చాడు, మరికొంత చేతిలో పెట్టాడు. 'బాయి పనంటే గట్లనే ఉంటది' అని ఎవరో అన్నారు. మూడు రోజులకి పని మళ్ళీ మొదలైంది. దెబ్బ తగిలినాయన లేడు. బావిలో నీళ్ళు పడ్డాయి. నాకు ఫస్ట్ క్లాసొచ్చింది. ఆ నీళ్ళతో పండిన వడ్లు అమ్మిన డబ్బుతో హైదరాబాద్ కాలేజీలో చేరాను.

ఇందులో తప్పెవరిదని ఎన్నోసార్లు వేరే వేరే మాటల్లో నన్ను నేనే అడుక్కున్నాను. పదహారేళ్ళ పిల్లవాణ్ణి అక్కడ నిలబెట్టడం పెద్దవాళ్ళ తప్పు కదా? కింద ఉన్నాయన పైకి చూసుకోవద్దా? క్రేనాయన ఒక్క క్షణం ఆగొద్దా? ఒక్కో ప్రశ్నలో కొంచెం నిజముంది. ఆ కొంచెం నిజాలన్నీ పోగేస్తే నేను పూర్తిగా తప్పించుకోగలను. చాలాకాలం అలాగే తప్పించుకున్నాను.

ఆస్ట్లీ గ్రీన్ నుంచి వచ్చాక నాకు మెల్లగా తెలిసింది, నా ప్రశ్నే ఒక మెట్టు ఇవతల ఆగిపోయిందని. తప్పెవరిదని అడగడానికి ముందు అడగాల్సినదొకటుంది: కదలమని చెప్పే హక్కు ఎవరికుంది? గనిలో అడుగున ఉన్న మనిషి చేతికి ఒక గంట ఇచ్చారు. పైకి రావలసిన పంజరాన్ని కదిలించే మొదటి మాట అతనిది. మూడు గంటలు కొడితే, ఈసారి వస్తున్నది బొగ్గు కాదు, ప్రాణం, అని పైన కనబడకుండా కూర్చున్న డ్రైవరుకి తెలుస్తుంది. మా బావిలో కింద ఉన్నాయనకి గొంతు తప్ప ఏమీ లేదు. రాయికీ మనిషికీ ఒకే మాట. ఆ మాట గట్టున నిలబడినవాడిది. ఆ రోజు గట్టున నిలబడినవాడు పేపరు చూస్తున్నాడు.

ఆ గంటలు ఎవరో దయతలచి ఇచ్చినవని కాదు. గని చట్టాలు చాలావరకు చావుల తర్వాతే వచ్చాయి. 1862 జనవరిలో ఇంగ్లండులోని హార్ట్‌లీ గనిలో నీళ్ళు తోడే ఇంజను దూలం విరిగి బావిలో పడింది. బయటికి రావడానికి ఆ ఒక్క బావే దారి. 204 మంది లోపలే చనిపోయారు. ప్రతి గనికీ రెండు దారులుండాలని ఆ ఏడాదే చట్టం చేశారు. రెండో బావి తవ్వడం అంతకుముందు ఎవరికీ చేతకాక కాదు. ఖర్చని తవ్వలేదు.

అన్ని చట్టాలూ గంటలూ ఉన్నాక కూడా, 1973 జూలైలో డర్బీషైర్‌లోని మార్కమ్ గనిలో మనుషుల్ని దించుతుండగా బ్రేకులోని ఒక కడ్డీ విరిగింది. 18 మంది చనిపోయారు. ఆ కడ్డీలో లోహం అలసి పగులు ఎప్పటినుంచో పెరుగుతూ వచ్చిందని విచారణలో తేలింది. మీట దగ్గర కూర్చున్నాయన చెయ్యాల్సిందంతా చేశాడు. చేతిలో బ్రేకు లేదు. కాబట్టి చూపు ఒక్కటే చాలదు. కనబడని మనిషి కోసం కనబడని చోట్లు కూడా ఎవరో ఒకరు వెతికి చూస్తుండాలి. అది మంచితనం మీద వదిలేసే పని కాదు. రోజూ చెయ్యాల్సిన, విసుగు పుట్టించే, ఎవరూ మెచ్చుకోని పని.

దూరదేశపు గనులెందుకు? 2025 ఫిబ్రవరి 22న మా పక్క జిల్లాలో, శ్రీశైలం దగ్గరి దోమలపెంట వైపు నుంచి తవ్వుతున్న ఎస్‌ఎల్‌బీసీ సొరంగంలో పైకప్పు కూలింది. ఎనిమిది మంది చిక్కుకుపోయారు. వారాల తరబడి వెతికితే ఇద్దరి దేహాలు దొరికాయి. చిక్కుకున్నవాళ్ళు ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, పంజాబ్, జమ్మూకాశ్మీర్ వాళ్ళు. ఆ సొరంగం కృష్ణ నీళ్ళని నల్లగొండకి తేవడానికి. మా పొలాలకి. నేను ఆ వార్త టీవీలో చూస్తూ అన్నం తింటున్నాను. నీళ్ళెప్పుడొస్తాయో అని మా ఊళ్ళో నలభై ఏళ్ళుగా అడుగుతున్నాం. ఎవరు దిగుతున్నారని ఒక్కసారైనా అడిగామా? ఆ ఎనిమిది మంది పేర్లు ఆ రోజు పేపర్లో చదివాను. ఇప్పుడు చెప్పమంటే చూసి చెప్పాలి.

మరి ఆ తాడు చుట్టే ఇళ్ళని కాపాడటం ఎందుకు? అందంగా ఉన్నాయనా? అందం చూసి మనసు కరిగి, లోపలికి దిగినవాళ్ళని మర్చిపోవడం చాలా తేలిక. ఇత్తడి మెరుగు, ఇటుకల ఎరుపు మనకి ఒక రకమైన క్షమాపణ పత్రం రాసిస్తాయి. గడీల ముందు ఫొటోలు దిగుతున్న మనకి ఆ గడీల్లో వెట్టిచేసినవాళ్ళు గుర్తుకురాకపోవడం కూడా ఇలాంటిదే. అందుకే కొందరంటారు, వీటిని కూలిపోనివ్వండి, చాకిరీకి గుళ్ళెందుకు అని. ఆ కోపం నాకర్థమవుతుంది.

అయినా నేను వాళ్ళతో ఏకీభవించలేను. ఆ ఇల్లు నిలబడి ఉండకపోతే, ఆ కుర్చీ ముందు నేను నిలబడి ఉండకపోతే, 1986 నాటి నా మాట నాకు వినబడేది కాదు. అక్కడ నూనె రాస్తున్న పెద్దవాళ్ళు యంత్రాన్ని మాత్రమే కాపాడుతున్నామనుకుంటారేమో. వాళ్ళు ఒక చూపుని కూడా కాపాడుతున్నారు: ఇక్కడినుంచి అవతలి మనిషి కనబడడు అని మనకు మనమే కూర్చుని తెలుసుకునే చోటు. గోడ మీద చదివితే అది సమాచారం. ఆ కుర్చీ ముందు నిలబడితే ఒంటికి తెలుస్తుంది.

మన దగ్గర అలాంటి చోట్లు ఉంచుకోలేదు. అందమైనవాటికి ఈమధ్య కొంచెం అదృష్టం పట్టింది. హైదరాబాద్‌లో బన్సీలాల్‌పేట మెట్లబావిని చెత్తలోంచి తవ్వి తీసి 2022లో మళ్ళీ తెరిచారు, చాలా మంచి పని. కానీ క్రేనుతో తవ్విన బావిని ఎవరు కాపాడతారు? దానికి మెట్లు లేవు, శిల్పం లేదు. రాతిగోడ మీద తూటాల గీతలు తప్ప.

పోయిన దసరాకి ఊరెళ్ళాను. బోర్లొచ్చాక మా బావి ఎండిపోయి సగం పూడిపోయింది. తుమ్మచెట్టు మొలిచింది. ఆ పక్క భూమి అమ్ముడైపోయింది, బావి పూడ్చి ప్లాట్లు చేస్తారట. వడ్డెర వాడకి వెళ్ళి ఆయన గురించి అడిగాను. ఏ పేరని అడగాలి? అప్పుడు ఆయన పేరు నాకెవరూ చెప్పలేదు, నేను అడగలేదు. 'క్రేను మీద దేశం మీద తిరిగినోళ్ళు సారూ, ఎవరెటు పోయిండ్రో' అంది ఒక ముసలవ్వ. 'ఏం పని ఉండె?' అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను.

యేట్స్ అండ్ థామ్ పేరు నాకు నోటికొచ్చు. ఇంజను చేసిన సంవత్సరం, ఊరు, అశ్వశక్తితో సహా. మా బావిలో భుజం విరిగినాయన పేరు తెలియదు. నా మాట తన మీద వేసుకున్న క్రేనాయన పేరూ తెలియదు. ఆయన అలా ఎందుకన్నాడో మాత్రం ఇప్పుడు తెలుసు. సారు కొడుకు తప్పని చెబితే పని పోతుంది, కూలి పోతుంది. నేను పిల్లవాణ్ణని దయతో అన్నాడని చాలా ఏళ్ళు అనుకున్నాను. కొంత దయ కూడా ఉందేమో. కానీ దయ మీద ఆధారపడి బతకాల్సింది అక్కడ నేను కాదు.

మా నాయిన పోయి పదకొండేళ్ళయింది. ఆయనకి చెప్పలేదు. బావి పూడ్చేలోపు కనీసం ఇక్కడైనా చెప్పాలనిపించింది. ఆ రోజు క్రేనాయన తప్పేం లేదు. బ్రేకు బాగానే ఉంది, తాడు బాగానే ఉంది. కిందికి చూడకుండా 'ఇడువు' అన్నది నేను.